ఇడియమ్స్ లిస్టు పక్కన పెట్టు తమ్మీ

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. వనపర్తిల ప్రైవేట్ జూనియర్ కాలేజీల పాఠాలు చెప్పుకుంట పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నవు, టాపిక్ ఏమో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీష్ ఇడియమ్స్, అంటే జాతీయాలు, నేర్పడం, 100 ఇడియమ్స్ లిస్టు తయారు చేస్కున్నవు, ప్రీ-టెస్ట్ పెట్టి నెల రోజులు నేర్పి మళ్ల పోస్ట్-టెస్ట్ పెడ్త, మార్కులు పెరిగితే నా పద్ధతి పని చేసినట్టే కదా సార్ అని అడుగుతున్నవు. గైడ్ గారు గూడ సరే అన్నరని రాసినవు.

మార్కులైతే పెరుగుతయ్, అండ్ల డౌటే లేదు. నెల రోజులు ఏది రుద్దినా పెరుగుతయ్, ఎక్కాలు రుద్దినా పెరుగుతయ్. దానికోసం అయిదేండ్లు ఖర్చు పెట్టుడు ఎందుకు అనేదే నా బాధ. నేను గూడ అచ్చం ఇదే పని చేసి దెబ్బతిన్నోన్నే గనక కొంచెం పొడుగు రాస్త, ఓపికతోని చదువు.

నేను దేవరకొండ, మిర్యాలగూడ, నల్గొండల కలిపి 24 ఏండ్లు గవర్నమెంట్ జూనియర్ కాలేజీలల్ల ఇంగ్లీష్ చెప్పిన. పీహెచ్‌డీ ఆలస్యంగ చేసిన, 40 దాటినంక. మొదటిసారి నేను గూడ లిస్టే పట్టుకొని పోయిన, 60 మంది పిల్లలు, 80 ఇడియమ్స్, ఛార్టులు, బొమ్మలు, మస్తు కష్టపడ్డ. సెమినార్‌ల ఒక పెద్దాయన అంతా విని ఒక్కటే అడిగిండు: "మీరు పరీక్ష పెట్టింది భాషకా, జ్ఞాపకానికా?" నా నోరు పెగల్లే. ఇంటికొచ్చి రెండు రోజులు ఆయనను తిట్టుకున్న, మూడో రోజు ఆయన చెప్పింది కరెక్టే అనిపించింది.

లిస్టుతోని ఇంకో పరేషాన్ ఉంది. మనం లిస్టుల రాసే ఇడియమ్స్ ఎవరు వాడుతరు చెప్పు. "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అంటే కుండపోత వాన అని నేర్పినం, ఆ ఏడు ప్రతి పిలగాడు ప్రతి వ్యాసంల కుక్కలు పిల్లులు కురిపించిండు. కరువు మీద వ్యాసం రాయమంటే గూడ "ఇన్ అవర్ విలేజ్ ఇట్ ఈజ్ నాట్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అని రాసినోడు ఉన్నడు. నవ్వొచ్చింది గానీ తప్పు వానిది గాదు, మాదే.

అసలు విషయం నాకు ఎక్కడ తట్టిందో చెప్త. దేవరకొండల ఫస్టియర్ క్లాసు, పేపర్ల వచ్చిన చిన్న వార్త ఒకటి జిరాక్స్ తీసి ఇచ్చిన. కష్టంగ ఉన్న మాటల కింద గీత గీయండి, తర్వాత మొత్తం తెలుగుల రాయండి అన్న. అండ్ల ఒక వాక్యం, "ద మినిస్టర్ బ్రష్డ్ అసైడ్ ద అలిగేషన్స్". ముందు బెంచీల కూసునే ఒక ఆడపిల్ల, మంచిగ చదివే పిల్లనే, "అలిగేషన్స్" కింద గీత గీసింది. "బ్రష్డ్ అసైడ్" కింద ఏం గీయలే. తెలుగుల ఏం రాసిందంటే, "మంత్రి గారు ఆరోపణలను శుభ్రం చేసి పక్కన భద్రంగా పెట్టారు". అలిగేషన్స్ అర్థం పక్క పిల్లనడిగి కరెక్టుగ రాసుకుంది, కొట్టిపారేసిండు అనాల్సిన కాడ భద్రంగ పెట్టిండు అని రాసింది. పొద్దున లేస్తే చేతిల ఉండేది బ్రష్, బ్రష్ అంటే శుభ్రం చేసేది, అసైడ్ అంటే పక్కకు, ఇగ డౌట్ ఎందుకొస్తది ఆ పిల్లకు? మంత్రి చాన మంచోడు అన్నట్టు అయిపోయింది కథ.

ఆ కాగితం నాకు పీహెచ్‌డీ ఇచ్చింది అనుకో. తెల్వని మాట కాడ పిల్ల ఆగింది, అడిగింది, దాటింది. తెలిసిన మాట కాడ ఆగలే, అక్కడ్నే పడ్డది, పడ్డనని గూడ తెల్వలే. నీ లిస్టుల 100 ఇడియమ్స్ ఉన్నయ్ గదా, అవి చూడంగనే వింతగ ఉంటయ్ గనక పిల్లలు జాగ్రత్త పడుతరు. వింతగ లేని వాటితోనే ప్రమాదం.

ఇది నా ఒక్కని కనిపెట్టుడు గాదు, తర్వాత చదువుకుంట పోతే తెలిసింది. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీల జానెట్ లిటిల్‌మోర్ అని ఒకామె ఉన్నది, ఈ సబ్జెక్టుల ఆమె రాసినవి చదవకుంట నువ్వు సినాప్సిస్, అంటే పీహెచ్‌డీ ప్లాన్, రాయొద్దు. 2001ల ఆమె బంగ్లాదేశ్ నుంచి పోయి అక్కడ చదువుకునే వాళ్ల మీద పని చేసింది, లెక్చరర్లు మాట్లాడే మెటఫర్లు, అంటే ఒకదాన్ని ఇంకోదాని లెక్క చెప్పే మాటలు, వాళ్లకు ఎట్ల అర్థమైతున్నయో చూసింది. వాళ్లు ఉద్యోగాలు చేసినోళ్లు, చిన్న పిల్లలు గాదు, అయినా చాన చోట్ల తప్పు అర్థం తీసుకున్నరు. మాటకు అర్థమే గాదు, లెక్చరర్ ఆ విషయాన్ని మెచ్చుకుంటుండా తిడుతుండా అనేదే ఉల్టా పట్టుకున్నరు. మంత్రిని మంచోన్ని చేసిన మా పిల్ల లెక్కనే. 2011ల ఆమె ఇంకో ముగ్గురితోని కలిసి మళ్ల చేసింది, లెక్చర్లల్ల విదేశీ విద్యార్థులకు కష్టమనిపించిన మాటలు తీసుకుంటే, అండ్ల విడివిడిగ అన్ని మాటలు తెలిసి గూడ అర్థం గానివి ఉన్నయ్ గదా, వాటిల్ల సుమారు 40 శాతం మెటఫర్ వల్లనే అని తేలింది. తప్పు అర్థం చేసుకున్నప్పుడు గూడ చాన మటుకు తమకు అర్థం గాలేదనే సంగతే వాళ్లకు తెల్వలే.

అందుకే నీ టెస్టుల ఒక గడి పెంచు. ప్రతి ప్రశ్న పక్కన "నాకు పక్కా తెలుసు / డౌట్ ఉంది / ఊరికే రాసిన" అని మూడు రాసి టిక్కు పెట్టమను. పక్కా తెలుసు అని టిక్కు పెట్టి తప్పు రాసినయ్ లెక్క తీయి. నా అంచనా, నీ థీసిస్ మొత్తం ఆ గడిలనే ఉంటది.

ఇగ రెండో సంగతి, పిల్లలు రాసేటప్పుడు. చందంపేట దిక్కు నుంచి వచ్చే పిలగాడు ఒకడు, వాళ్ల పొలం మీద వ్యాసం రాసిండు. "దిస్ ఇయర్ అవర్ బోర్ లిఫ్టెడ్ ఇట్స్ హ్యాండ్స్" అన్నడు. నేను ఎర్రపెన్నుతోని అడ్డంగ కొట్టేసి పక్కన "బోర్‌కు చేతులుంటయారా" అని రాసిన. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గైతది. ఎందుకంటే "బోరు చేతులెత్తేసింది" అని నేను గూడ రోజుకు పదిసార్లు అంటనే గదా, అప్పుడు బోర్‌కు చేతులున్నయా అని అడగను. వాడు ఊహించి మెటఫర్ రాసిండు, అదీ ఎండిపోయిన బోరు మీద, ఇంట్ల తండ్రి నోటి నుంచి విన్నది. పైగా ఇంగ్లీష్‌ల "త్రో అప్ వన్స్ హ్యాండ్స్" అని దాదాపు అసుంటిదే ఉంది, ఇగ నాతోని గాదు అని వదిలేసుడు. దాదాపు అంటున్న చూడు, ఆ దాదాపుల్నే ఉంది మర్మం. "త్రో అప్" కాడ ఆపేస్తే వాంతి చేసుకున్నడని అర్థం. వానికి నేను ఇంగ్లీష్ మాట నేర్పిన అనుకో, సగం గుర్తుపెట్టుకొని "అవర్ బోర్ త్రూ అప్" అని రాస్తే ఇంకో కథ.

దీని మీద సుజాన్ ఇరూజో అనే ఆమె 1986ల చేసిన స్టడీ చాన పాతది గానీ ఇప్పటికీ అందరూ ఎత్తుకునేది అదే. వెనెజువెలా నుంచి వచ్చిన, ఇంగ్లీష్ బాగ వచ్చిన 12 మందికి 45 ఇడియమ్స్ ఇచ్చింది. 15 ఏమో స్పానిష్‌ల, ఇంగ్లీష్‌ల అచ్చం ఒక్క తీరువి, 15 కొంచెం తేడా ఉన్నవి, 15 పూర్తిగ వేరేవి. ఒక్క తీరువి అలకగ వచ్చినయ్, పూర్తిగ వేరేవి రాలే, ఇది ఎవరైనా ఊహిస్తరు. చూడాల్సింది నడిమివి, కొంచెం తేడా ఉన్నవి, అర్థమైతే అయితయ్ గానీ రాసేటప్పుడు సొంత భాష అడ్డమొచ్చి అటూ ఇటూ గాకుంట రాసిన్రు. నీకు ఇంతకన్న మంచి నమూనా దొరకది. తెలుగుకు ఇసుంటి మూడు కుప్పలు పోయి. "అప్పుల్ల మునిగిండు" - "డ్రౌనింగ్ ఇన్ డెట్", అచ్చం ఒక్కటే. "పగ్గాలు చేతికొచ్చినయ్" - "టుక్ ద రెయిన్స్", ఇదీ ఒక్కటే, ఎద్దుకైనా గుర్రానికైనా పగ్గం పగ్గమే గదా. "రెక్కాడితేగాని డొక్కాడది" ఏమో నడిమి కుప్ప, వాళ్లు "హ్యాండ్ టు మౌత్" అంటరు, మనం రెక్క, డొక్క అంటం, లెక్క ఒక్కటే గానీ వాళ్లది నోటికాడ ఆగింది, మనది కడుపుదాంక పోయింది. పూర్తిగ వేరేవి అంటే "లెర్న్ ద రోప్స్", పని మెలకువలు నేర్చుకునుడు అని అర్థం, అది ఓడల మీద తాళ్ల నుంచి వచ్చింది, మన పిల్లలు చూసిన ఓడ నాగార్జునసాగర్‌ల లాంచీ, దానికి నేర్చుకునేటన్ని తాళ్లు ఎక్కడివి.

మీ పాలమూరు దిక్కైతే ఇంకో మాట ఉంటది, నాకు గుర్తుండిపోయింది. ఒకసారి వాల్యుయేషన్‌ల పక్కన కూసున్న మేడమ్ ఒక పేపర్ నా ముందు పెట్టి నవ్వుకుంట "ఇది చూడండి సార్" అన్నది. "మై ఫాదర్ వెంట్ టు బాంబే హోల్డింగ్ స్టమక్ ఇన్ హ్యాండ్". ఆమె కోస్తా నుంచి వచ్చినామె గాదు, మన మనిషే, అయినా ఇంగ్లీష్‌ల చూడంగనే కడుపునొప్పి అనుకుంది. పొట్ట చేతబట్టుకొని వలస పోయిండు అని నేను తెలుగుల చదివి వినిపిస్తే ఆమె నవ్వు ఆగిపోయింది. మార్కు వేసిందో లేదో నాకు తెల్వదు, అడగలే.

ఇక్కడ ఒక పెద్ద లొల్లి ఉంది, నువ్వు దాన్ని తప్పించుకోలేవు. ఆ వాక్యం తప్పా కాదా, ఎవరు చెప్పాలె? "ఈటింగ్ మై బ్రెయిన్" అని మన దేశంల సగం మంది అంటరు, తెలుగుల బుర్ర తింటున్నవ్ అంటం, మహబూబ్‌నగర్ గల్లీలల్ల ఉర్దూల దిమాగ్ మత్ ఖా అంటరు, ఢిల్లీల అదే అంటరు. లండన్‌ల మనిషికి ఇచ్చి దిద్దమంటే తప్పు అంటడు, హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ మేనేజర్‌కిస్తే ఏం తప్పుంది అంటడు. బ్రజ్ కచ్రు అనే భాషా పండితుడు 1985ల మూడు వృత్తాల లెక్క చెప్పిండు గదా, ఇంగ్లీష్ పుట్టుభాషగ ఉన్న దేశాలు మొదటిది, మన లెక్క రెండో భాషగ వాడుకునేవి రెండోది, విదేశీ భాషగ నేర్చుకునేవి మూడోది, మనం రెండో వృత్తంల ఉన్నం, ఇక్కడి ఇంగ్లీష్‌కు ఇక్కడి నడక ఉంటది. నా సలహా ఏందంటే తప్పు-ఒప్పు అని రెండు డబ్బాలు పెట్టకు. ఆ వాక్యం చదివిన తెలుగు రాని మనిషికి అర్థం అయితదా లేదా అని ఒక లెక్క, ఇక్కడ ఇంగ్లీష్ మాట్లాడేటోళ్లు వాడుతరా లేదా అని ఇంకో లెక్క పెట్టుకో. బోరు చేతులెత్తుడు మొదటి లెక్కల కొంచెం నడుస్తది, పొట్ట చేతబట్టుకునుడు అస్సలు నడవది. అది గూడ రాస్తే వైవాల ఎవరూ నిన్ను ఆపలేరు.

చిన్న చిన్న మాటల సంగతి చెప్పకుంట ముందుకు పోతే నేను ఈ జవాబు రాసుడే దండగ. మెటఫర్ అనంగనే మనకు కవిత్వం గుర్తొస్తది, సింహంలా గర్జించాడు టైపు. లేకాఫ్, జాన్సన్ 1980ల పుస్తకం రాసినప్పటి నుంచి ఆ సంగతే మారింది, మెటఫర్ మనం ఆలోచించే తీరుల్నే ఉంటది, మామూలు మాటలల్ల ఉంటది అని. సరే అది నీకు ఎంఏల చెప్పే ఉంటరు. దాన్ని పిల్లల రాతల మీద చూస్తే ఎట్లుంటదో మళ్ల లిటిల్‌మోర్ వాళ్లే 2014ల చూపించిన్రు. గ్రీకు, జర్మన్ మాతృభాషగ ఉన్నోళ్ల 200 పరీక్ష వ్యాసాలు, భాష ఎంత వచ్చో చెప్పే యూరప్ లెవెల్స్ ఉంటయ్ గదా, కింది ఏ2 నుంచి అన్నిటికన్న పై సీ2 దాంక, అన్ని లెవెల్స్‌వి తీసుకున్నరు. లెవెల్ పెరిగినకొద్దీ మెటఫర్ల మోతాదు పెరిగింది. కింది లెవెల్స్‌ల ఎక్కువ మటుకు మెటఫర్లు ప్రిపొజిషన్లే, ఇన్, ఆన్ అసుంటివి, బీ2 కాడికొచ్చినంకనే క్రియలు, నామవాచకాలు ముందుకొచ్చినయ్. ఇంకో సంగతి, తప్పులు ఎక్కువ కనబడుడు షురూ అయింది గూడ బీ2 కాడ్నే. అంటే పిల్లడు ధైర్యం చేసి కొత్తగ రాయబోయిన కాడ్నే తప్పు చేస్తున్నడు. బోరు రాసిన పిలగాడు అదే కదా చేసింది, నేను ఎర్రపెన్ను తీసి వాని ధైర్యం మీదనే గీత గీసిన.

ఇన్, ఆన్ మెటఫర్లు ఎట్లయితయ్ సార్ అని అడుగుతవు. ఒక పిల్ల రాసిన వాక్యమే తీసుకో: "మై ఫాదర్ ఈజ్ ఇన్ ముంబయ్ అండ్ హీ ఈజ్ ఇన్ డెట్". మొదటి ఇన్ మామూలుది, ముంబయ్ అనేది జాగ, అండ్ల మనిషి ఉండొచ్చు. రెండో ఇన్ చూడు, అప్పు అనేది గుంత లెక్క, అండ్ల పడ్డ మనిషి లోపల ఉన్నడు. అది మెటఫర్. పిల్లకు ఇది తప్పు పోదు, ఎందుకంటే మనం గూడ అప్పుల్ల ఉన్నడు అంటం. అదే పిల్ల కింద "హీ ఈజ్ ఇన్ ఫోన్" అని రాసింది. ఫోన్ల ఉన్నడు అంటం గదా మనం! తెలుగుల ఒక్క "ల" తోని బస్సుల, ఫోన్ల, అప్పుల్ల, కోపంల, ఆదివారం పొద్దుగాల అన్నీ గడిచిపోతయ్, ఇంగ్లీష్‌ల ఇన్, ఆన్, ఎట్ పంచుకుంటయ్. దీన్ని మనం గ్రామర్ తప్పు అని ప్రిపొజిషన్స్ చాప్టర్ మళ్ల బట్టీ పట్టిస్తం. అది గ్రామర్ కన్న ముందు, ఏదాన్ని డబ్బా అనుకోవాలె ఏదాన్ని తలం అనుకోవాలె అనే ఊహల తేడా.

రాతలల్ల మెటఫర్లను గుర్తుపట్టే పద్ధతి నువ్వు సొంతంగ కనిపెట్టకు, తయారుగ ఉంది. 2007ల పది మంది రిసెర్చర్లు కలిసి ఒక పద్ధతి ఇచ్చిన్రు, ఎంఐపీ అంటరు. ఆ గ్రూపు పేరు ప్రాగుల్‌జాజ్, వినడానికి మందు సీసా పేరు లెక్కుంటది గానీ ఆ పది మంది మొదటి పేర్లల్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చింది. చేసే పని సులువే. మొత్తం రాత ఒకసారి చదువు, మాట మాట విడగొట్టు, ఈ వాక్యంల దాని అర్థం ఏందో చూడు, దానికి ఇంతకన్న మొదటి అర్థం, అంటే చేత్తోని పట్టుకునేది, ఒంటితోని చేసేది, కంటికి కనబడేది ఉన్నదా డిక్షనరీల చూడు, ఉంటే ఆ రెండిటికీ తేడా ఉండి గూడ ఒకదాంతోని ఇంకోదాన్ని అర్థం చేసుకోవచ్చునా చూడు, అవునంటే మెటఫర్ అని గుర్తుపెట్టు. దీన్నే ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు పెంచి 2010ల ఎంఐపీవీయూ అని తెచ్చిన్రు. వాళ్లు వాడిన మాక్‌మిలన్ డిక్షనరీ సైట్ 2023ల మూతపడింది, లాంగ్‌మన్ వాడుకో, ఫ్రీనే. ఒక్కనివే గుర్తుపెట్టకు, ఇంకొకరితోని గూడ అదే రాతలు విడిగ చేయించి ఇద్దరికీ ఎంత కలుస్తుందో కప్పా లెక్క తీయి. నేను, మా బావమరిది చేసినం, ఆయన ఇంగ్లీష్ లెక్చరరే, మొదటి పది పేజీలకు "మేక్" మెటఫరా కాదా అని ఫోన్ల గంటసేపు కొట్లాడినం. మా చెల్లె వచ్చి ఫోన్ గుంజుకుంది.

సరే, ఇప్పుడు నాకు అన్నిటికన్న ఇష్టమైన ముచ్చట. 1978ల కెల్లర్‌మన్ అనేటాయన డచ్ పిల్లల మీద ఒక పని చేసిండు. డచ్‌ల "బ్రేకెన్" అంటే ఇంగ్లీష్‌ల "బ్రేక్", ఒకే వేరు. ఆ మాట ఉన్న 17 డచ్ వాక్యాలు ఇచ్చి, ఇండ్ల వేటిని ఇంగ్లీష్‌ల బ్రేక్ తోని అనొచ్చు అని అడిగిండు. కాలు విరిగింది అనేదానికి సరే అన్నరు. చెట్టు అడ్డమొచ్చి కింద పడే ఊపు ఆగింది అనే కాడ బ్రేక్ వాడొచ్చంటే చాన మంది నమ్మలే, నిజానికి ఇంగ్లీష్‌ల "హిజ్ ఫాల్ వాజ్ బ్రోకెన్" అంటరు. అంటే మన భాషల ఒక మాటకు నడిమి అర్థం, అంచు అర్థం ఉంటయ్, అంచు అర్థాలు మనకే సొంతం, వేరే భాషల ఉండయ్ అనుకుంటం, ఉన్నా గూడ దాటించం.

దీన్ని తెలుగుల ఎవరన్న చేస్తే చూడాలని నాకు ఏండ్ల నుంచి ఆశ. "కొట్టు" అనే మాట తీస్కో. గోడకు మేకు కొట్టిండు, ఫోన్ కొట్టు, వాసన కొడుతుంది, బోర్ కొడుతుంది, ఎండ కొడుతుంది, గుండె కొట్టుకుంటుంది, ఈత కొట్టిండు, పైసలు కొట్టేసిండు, వార్తను కొట్టిపారేసిండు. ఇండ్ల ఇంగ్లీష్‌ల హిట్, బీట్, స్ట్రైక్‌తోని నడిచేటివి ఎన్ని? గుండెకు "బీట్" ఉంది, హార్ట్‌బీట్ అని మన ముసలమ్మలు గూడ అంటరు. ఇగ ఎండాకాలం మన నల్గొండల రోజూ వినే మాట చూడు, వడదెబ్బ. దెబ్బ. వాళ్లు ఏమంటరు? సన్‌స్ట్రోక్. స్ట్రోక్, స్ట్రైక్ ఒకే వేరు నుంచి వచ్చినయ్, అంటే దెబ్బే. పక్షవాతానికి గూడ స్ట్రోక్ వచ్చింది అంటం, అదీ దెబ్బే. మన పిల్లలకు ఈ మాట మస్తుగ తెలుసు, కానీ సన్‌స్ట్రోక్‌ల దెబ్బ ఉందని ఒక్కరు గూడ చెప్పలే, నేను బోర్డు మీద రెండు మాటలు పక్క పక్కన రాసి, మెల్లగ "స్ట్రైక్" కింద రాసినంక వెనుక బెంచీ నుంచి ఒకడు "సార్, దెబ్బ!" అని అరిచిండు. ఆ రోజు క్లాసు అయిపోయినా లేవలే పిల్లలు, ఒక్కొక్కడు ఒక్కొక్క మాట తెచ్చుడు.

నేర్పుడు గురించి గూడ అడిగినవు గనక, ఫ్రాంక్ బూర్స్ అనే రిసెర్చర్ పని చూడు. 2000ల ఆయన చేసిన దాంట్ల కోపం మాటలన్నిటినీ వేడి, నిప్పు, ఆవిరి అని ఊహల వారీగ కుప్పలు పోసి ఇచ్చిన పిల్లలకు, మామూలు లిస్టు ఇచ్చినోళ్ల కన్న ఎక్కువ గుర్తున్నయ్. మనకైతే ఇంకా సులువు, మండిపడ్డడు, కోపం నషాళానికెక్కింది, చల్లారిండు, అగ్గి మీద గుగ్గిలం అయిండు అని సగం మనకాడనే ఉంది. ముందు తెలుగువి పిల్లలతోని చెప్పించు, తర్వాత ఇంగ్లీష్‌వి పక్కన పెట్టు, ఒకదాంతోని ఒకటి కలిసే కాడ గీత గీయి, కలవని కాడ సున్న చుట్టు. ఒక క్లాసుకు ఇట్ల, ఇంకో క్లాసుకు నీ పాత లిస్టు. రెండు క్లాసులు ముందుగాల ఒకే స్థాయిల ఉన్నయో లేవో చూసుకో. టెస్టు అయిపోయినంక ఆరు వారాలకు చెప్పకుంట మళ్లొకటి పెట్టు, లేకపోతే మళ్ల ఆ పెద్దాయన అడిగిన ప్రశ్ననే నిన్ను ఇంకెవరో అడుగుతరు.

ఇంకొకటి, పిల్లలు అర్థం ఎట్ల తీస్తున్నరో తెల్వాలంటే పైకి ఆలోచించమను, థింక్ అలౌడ్ అంటరు. కూపర్ 1999ల 18 మందికి 20 ఇడియమ్స్ ఇచ్చి ఇట్లనే చేసిండు, చుట్టుపక్కల సందర్భం పట్టుకొని ఊహించుడే అందరికన్న ఎక్కువ వాడిన ఉపాయం అని తేలింది. నువ్వు చేసేటప్పుడు మాత్రం తెలుగులనే మాట్లాడనీ. ఇంగ్లీష్‌ల చెప్పమంటే పిల్లలు మూగగ కూసుంటరు, నీకు రికార్డింగ్‌ల ఫ్యాన్ సప్పుడు తప్ప ఏం దొరకది, నా కాడ అట్లాంటి క్యాసెట్లు నాలుగున్నయ్. కంటి కదలికలు కొలిచే స్టడీలు గూడ ఉంటయ్, 2011ల నాటింగ్‌హామ్ వాళ్లు చేసిన్రు, ఇంగ్లీష్ పుట్టుభాష ఉన్నోళ్లు ఇడియమ్‌ను గబగబ చదివేస్తరు, మిగతావాళ్లకు ఆ వేగం రాదు, పైగా అలంకార అర్థం కాడ ఇంకా నెమ్మదిస్తరు అని. చదువు, కానీ ఆ మిషిన్ గురించి కలలు కనకు.

పాత థీసిస్‌లు శోధ్‌గంగల, అంటే మన దేశంల థీసిస్‌లు పెట్టే సైట్‌ల, వెతుకు, ఇడియమ్స్ అని కొట్టి లిస్టు పద్ధతిల ఎన్ని ఉన్నయో నువ్వే చూడు, నేను చెప్తే బాగుండది. పిల్లల రాతలు టైపు చేసినంక యాంట్‌కాంక్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఇన్, ఆన్ ఎక్కడెక్కడ వచ్చినయో నిమిషంల తీసిస్తది. టైపు చేసేటప్పుడు తప్పులు దిద్దకు, చేయి ఊరుకోదు, తెలుసు నాకు, అయినా దిద్దకు. ఇంటర్ పిల్లలు 18 లోపు గనక తల్లిదండ్రుల సంతకం తీసుకో, తెలుగుల రాసిన కాగితం మీద. ఇంకో సంగతి గమనించు, 2022-23ల సర్కారు బడులల్ల ఎనిమిది దాంక ఇంగ్లీష్ మీడియం పెట్టిన్రు గదా, ఆ ఎనిమిదోళ్లు 2025-26ల ఇంటర్ ఫస్టియర్‌కు వచ్చిన్రు. నీ క్లాసుల ఎవరు ఏ మీడియం నుంచి వచ్చిన్రో మొదట్నే రాసిపెట్టుకో, తర్వాత ఎన్నాళ్లు తిరిగినా దొరకది.

గైడ్ గారికి టాపిక్ మార్చిన అని చెప్పకు, భయపడ్తరు. ఇడియమ్స్‌ను కొంచెం వెడల్పు చేసిన సార్ అను. టైటిల్ల "ఫిగరేటివ్", అంటే ఆలంకారిక, అని ఒక్క మాట చేర్చితే అన్నీ పడ్తయ్ అండ్ల.

నా కాడ దేవరకొండ, నల్గొండ పిల్లల పాత వ్యాసాలు ఒక గోనెసంచి నిండ ఉన్నయ్, మూడు వందల దాంక ఉంటయ్, పేర్లు, రోల్ నంబర్లు చింపేసి ఇస్త, ఆదివారం నల్గొండకు వచ్చి తీసుకపో. బోరు పేపర్ అండ్లనే ఉంది, నా ఎర్రగీతతోని సహా. అడుగున ఉన్నయ్ కొన్ని ఎలుకలు తిన్నయ్, ఇది మెటఫర్ గాదు, నిజంగనే తిన్నయ్.